నేల, నీరు: కిరోసిన్‌కు ఉబ్బని రేగడి

మట్టి గురించి వచ్చే ఉత్తరాలు ఎండాకాలంలో గోడల మీద, వానాకాలంలో పొలాల మీద ఉంటాయి. ఈసారి రెండూ కలిసే వచ్చాయి. నేను వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మట్టి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. మా అత్తగారి వైపు నర్సంపేట దగ్గర కాస్త చల్క, అంటే ఇసుక కలిసిన తేలిక నేల ఉంది. కాబట్టి ఇంటి కింద మట్టి గురించీ, నాగలి కింద మట్టి గురించీ నాకు తెలిసింది చెప్పగలను. ‘మా నేల మంచిదేనా?’ అని ఒక్క ముక్క రాసి పంపేవాళ్లకు మాత్రం జవాబు రాయలేను. దేనికి మంచిదో చెప్పాలి కదా!

ప్రశ్న: మేడం గారూ, మాది నల్లరేగడి. ఇల్లు కట్టి నాలుగేండ్లు. ఎండాకాలం కిటికీ మూలల నుంచి గోడ ఏటవాలుగా పగులుతది. వానలు పడ్డంక ఆ పగుళ్లే సన్నబడతయి. సిమెంట్ తక్కువైందని ఒకరు, వాస్తు దోషమని ఒకరు అంటున్నరు. ఏది నిజం? (పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక పాఠకుడు)

రెండూ కాదు. పగులు ఎండకు వెడల్పయి వానకు సన్నబడుతోందని మీరే రాశారు. సిమెంట్ తక్కువైన గోడ అలా కాలం చూసి పగలదు. కదులుతున్నది గోడ కింది నేల.

ల్యాబ్‌లో చేసే ఒక పరీక్ష చెబుతాను. ఎండబెట్టి, పొడిచేసి, సన్న జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు తూచి రెండు కొలజాడీల్లో పోస్తాం. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. 24 గంటలు కదపకుండా ఉంచుతాం. కిరోసిన్‌లోని రేగడి పోసినంత మేరకే కూర్చుని ఉంటుంది. నీళ్లలోది పొంగి పైకొస్తుంది. కిరోసిన్‌లో 10 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో 20 దగ్గర నిలిచిందంటే ఉబ్బు 100 శాతం. 50 లోపు వస్తే పెద్దగా భయం లేదు. 50 నుంచి 100 మధ్య వస్తే జాగ్రత్త పడాలి. 100 దాటితే ఆ స్థలంలో మామూలు పునాది వేయకూడదు. ఫస్టియర్ పిల్లలు ఈ పరీక్ష చూశాక రేగడి గురించి నేను ఇంకో ముక్క చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

నీళ్లకు పొంగిన మట్టి కిరోసిన్‌కు ఎందుకు పొంగదు? బంకమట్టి రేణువు 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది. అది గుండ్రంగా ఉండదు, పలుచని పొరలు పేర్చిన పలకలా ఉంటుంది. రేగడిలో ఎక్కువగా ఉండే బంకఖనిజం మాంట్‌మోరిల్లొనైట్. దాని పొరల మీద రుణావేశం ఉంటుంది. పొరల మధ్య కాల్షియం, సోడియం లాంటి ధనావేశపు అయాన్లు ఉంటాయి. నీటి అణువుకు ఒక కొన ధనం, ఒక కొన రుణం కాబట్టి ఆ అయాన్లు దాన్ని లోపలికి లాక్కుంటాయి, పొరలు ఎడమవుతాయి. కిరోసిన్ అణువుకు అలాంటి కొనలు లేవు, దాన్ని లాగేదేమీ లేదు. ఎర్రమట్టిలోని కెయోలినైట్‌లో పొరకూ పొరకూ మధ్య హైడ్రోజన్ బంధం గట్టిగా ఉంటుంది, అందులోకి నీళ్లూ దూరలేవు. ఒక్క గ్రాము మాంట్‌మోరిల్లొనైట్ పొరలన్నీ విప్పి పరిస్తే 600 నుంచి 800 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే 200 గజాల ప్లాట్లు నాలుగు! కెయోలినైట్‌కైతే 10, 20 చదరపు మీటర్లే.

ఈ ఉబ్బే నేల తేలికైన ఒకంతస్తు ఇంటినే ఎక్కువ బాధపెడుతుంది. మూడంతస్తుల ఇంటి బరువు ఉబ్బును కొంత అణచిపెడుతుంది, రేకుల ఇల్లు అణచలేదు. పైగా ఇంటి నడిమధ్యలో నేల తడి ఏడాదంతా దాదాపు ఒకేలా ఉంటుంది. అంచుల్లో ఎండకు కుంగి, వానకు లేస్తుంది. మూలలు కదిలి మధ్య కదలకపోతే పగులు ఏటవాలుగానే వస్తుంది.

కట్టేసిన ఇంటికి చేయగలిగింది ఒకటే, పునాది చుట్టూ తడి మారకుండా చూడడం. గోడ చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పు గచ్చు బయటికి వాలుగా పోయించండి. కప్పు మీది వాన నీరు గోడ మొదట్లో పడకుండా పైపుతో దూరంగా వదలండి. స్నానాల గది నీళ్లు, ఇంకుడు గుంత పునాదికి ఆనుకుని ఉండకూడదు. వేప, రావి, నీలగిరి లాంటివి గోడ పక్కన పెంచొద్దు. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరం ఉండాలి. నీడ కోసం వేసిన చెట్టే ఎండాకాలంలో పునాది కింది తడి పీల్చేస్తుంది. పగుళ్లను మే నెలలో, బాగా తెరుచుకుని ఉన్నప్పుడు సిమెంట్‌తో గట్టిగా పూడ్చకండి. వానలకు నేల ఉబ్బి గోడ మూసుకోబోతే ఆ సిమెంట్ అడ్డుపడి పక్కన ఇంకో పగులు వస్తుంది. సాగే గుణమున్న క్రాక్ ఫిల్లర్ వాడండి.

కొత్తగా కట్టేవాళ్లకు మాత్రం మంచి దారులున్నాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్‌ను రూపొందించింది. మూడున్నర మీటర్ల లోతుకు పోయే గుంజ, దాని అడుగున ఉబ్బెత్తు. ఆ లోతులో తడి పెద్దగా మారదు, ఇల్లు అక్కడ నిలబడుతుంది. లేదా పై రేగడి తీసేసి, ఉబ్బని మొరం మట్టిని ఒక మీటరు మందాన పొరలు పొరలుగా దిమ్మిస చేసి దాని మీద పునాది వేస్తారు.

మేస్త్రీలు చెప్పే ఇంకో మాట ఉంది: ‘పునాదిలో ఇసుక పోస్తే సరిపోతుంది, రామప్పకు పోయలేదా?’ అని. 1213లో కట్టిన ఆ గుడి పునాది కింద ఉన్నది వట్టి ఇసుక కాదు. సున్నం, బెల్లం, కరక్కాయ కలిపిన ఇసుక మిశ్రమమని ఇంజనీర్లు చెబుతారు. రేగడిలో గుంత తవ్వి వట్టి ఇసుక పోస్తే వాన నీరంతా అందులోకి దిగి నిలుస్తుంది, చుట్టూ ఉన్న రేగడికి ఏ వైపు నుంచి కావాలంటే ఆ వైపు నుంచి తడి అందుతుంది. మనమే తొట్టి కట్టి పెట్టినట్టు.

ప్రశ్న: మాది ఎర్ర చల్క. వారం పది రోజులు వాన లేకుంటే పత్తి వాడుతది, పక్క రేగడిల వాడది. చెరువు పూడిక మట్టి తోలుకొమ్మంటున్నరు. ఎకరానికి ఎన్ని ట్రిప్పులు తోలాలె? రేగడి అంత మంచిదైతే వాళ్లు కూడా ఎందుకు గోస పడుతున్నరు? (నర్సంపేట మండలం నుంచి)

మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మట్టిలో ఉన్న నీళ్లన్నీ మొక్కకు అందవు. పత్తి వాడిపోయే సమయానికి ఇసుక నేలలో మహా అయితే 5 శాతం తడి మిగిలి ఉంటుంది. రేగడిలో అప్పటికి ఇంకా 20 శాతం పైనే ఉంటుంది, కానీ వేరు పీల్చలేనంత గట్టిగా ఆ పొరలు పట్టుకుని ఉంటాయి. అందుకే ఎండిన రేగడి మీద చిన్న జల్లు పడితే మొక్కకు ఏమీ దక్కదు. అదే జల్లుకు మీ చల్కలో గింజ మొలుస్తుంది. వ్యవసాయ శాఖ ప్రతి ఏడూ తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన పడ్డాక, బరువు నేలల్లో 60 నుంచి 75 పడ్డాక పత్తి పెట్టమనడం ఇందుకే. మొదటి వానకే పెట్టి మళ్లీ గింజలు కొనుక్కునేవాళ్లలో రేగడి రైతులూ తక్కువేం కాదు. ఎక్కువ వాన పడితే ఇంకో బాధ. నీరు గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లే ఇంకుతుంది కాబట్టి చేనులో నీళ్లు నిలుస్తాయి, వేరుకు గాలాడదు. దున్నడానికి కుదిరే పదును కూడా అంతే, రెండు మూడు రోజులే. ఒక రోజు ముందు దిగితే నాగలికి అంటుకుంటుంది, ఒక రోజు ఆలస్యమైతే పెడ్డలు లేస్తాయి.

ఇప్పుడు మీ లెక్క. ఇసుక కలిసిన చల్క మీటరు లోతుకు మొక్కకు అందే నీళ్లు 110 మిల్లీమీటర్ల దాకా దాస్తుంది. కానీ చాలా చల్కల్లో రెండడుగుల కిందే మొరం తగులుతుంది. అంటే మీ దగ్గర ఉన్నది 65 మిల్లీమీటర్లు. అందులో సగం అయిపోయేసరికే పత్తికి ఇబ్బంది మొదలవుతుంది. పూత మీదున్న పత్తి రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుందనుకుంటే ఆరేడు రోజులే లెక్క. పక్కవాళ్ల రేగడి నాలుగడుగుల లోతుంటే అక్కడ 200 మిల్లీమీటర్లు, సగం అంటే 20 రోజులు. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే.

పూడిక మట్టితో దీన్ని ఎంత మార్చగలం? ఎకరంలో పై అరడుగు మట్టి సుమారు 900 టన్నులుంటుంది. మీ చల్కలో బంక 12 శాతం అనుకుందాం. ట్రాలీకి 3 టన్నుల చొప్పున 50 ట్రిప్పులు తోలితే, పూడికలో సగం బంక ఉంటే, పై పొరలో బంక 12 నుంచి 17 శాతానికి పెరుగుతుంది. 20 ట్రిప్పులకైతే 14. కాబట్టి పది ట్రిప్పులు పోసి చల్క రేగడి అయిపోతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. 50 ట్రిప్పులు పోసినా పెరిగేది పై అరడుగు మాత్రమే. వాన ఎగ్గొట్టినప్పుడు పత్తి ఒకటి రెండు రోజులు ఎక్కువ నిలబడుతుంది. నా దృష్టిలో అసలు లాభం ఎరువుది. వేసిన పొటాష్ లాంటివి వానకు కిందికి కొట్టుకుపోకుండా ఈ బంక పట్టుకుంటుంది, ఆ శక్తి మాంట్‌మోరిల్లొనైట్‌కు కెయోలినైట్ కన్నా చాలా ఎక్కువ.

2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు చెరువులో తవ్విందల్లా పూడికే అనుకుని చాలామంది తోలుకుపోయారు. చెరువులో వాగు వచ్చి కలిసే చోట ఉండేది ఎక్కువగా ఇసుక. సన్న మట్టి లోపలికి, కట్ట వైపు చేరుతుంది. తోలే ముందు ఒక సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి గట్టిగా కుదిపి పెట్టండి. నిమిషం లోపు అడుక్కు చేరింది ఇసుక. గంట రెండు గంటల్లో దాని మీద కూర్చునేది ఒండ్రు. మర్నాటికి పైన నునుపుగా పేరుకున్నది బంక. బంక పొర సగం దాకా లేకపోతే డీజిల్ దండగ. పట్టణం మురుగు కలిసే చెరువు మట్టి అసలే వద్దు. తోలింది కుప్పలుగా వదిలేయకుండా ఎండాకాలంలోనే పలుచగా చల్లి, పశువుల ఎరువుతో కలిపి దున్నండి. కుప్ప కింద ఒకచోట రేగడి, పక్కన చల్క మిగిలిపోతే చేనంతా అతుకులబొంత అవుతుంది.

ప్రశ్న: మా నీటి కుంటలో నీళ్లు నెలల తరబడి ఎర్రగానే ఉన్నాయి, తేరుకోవడం లేదు. డ్రిప్ ఫిల్టర్లు మూసుకుపోతున్నాయి. (జమ్మికుంట నుంచి)

ఒండ్రులో ముతక రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి నిమిషం పట్టదు. 0.002 మిల్లీమీటర్ల బంక రేణువుకు దాదాపు 8 గంటలు కావాలి, అదీ నీళ్లు కదలకపోతే. అంతకన్నా చిన్నవి రోజులు తీసుకుంటాయి. అన్నిటి మీదా రుణావేశమే కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటిక వేస్తే అందులోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని అణచేస్తుంది, రేణువులు గుంపుకట్టి దిగిపోతాయి. బోర్లు రాకముందు ఇళ్లల్లో చిల్లగింజను కుండ లోపల అరగదీసి వాగు నీళ్లు తేర్చుకునేవాళ్లు, పని అదే.

కుంటంతటికీ పటిక వేస్తూ కూర్చోలేరు. ముందు గట్టు మీది మట్టిని భూసార పరీక్షకు పంపండి. ఉదజని సూచిక (pH) 8.5 దాటితే అది కారుచౌడు, సోడియం ఎక్కువున్న నేల. సోడియం ఉన్న బంక విడివిడిగా తేలుతుంది, కాల్షియం ఉన్నది ముద్దకడుతుంది. అలాంటప్పుడు జిప్సం పనిచేస్తుంది, ఎంత వేయాలో ఆ పరీక్ష రిపోర్టులోనే రాసిస్తారు. సోడియం లేకపోతే నీళ్లు వచ్చే దారిలో గడ్డి పెంచి, కుంటకు ముందు చిన్న మడుగు తవ్వండి.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి. వినాయక చవితికి మట్టి విగ్రహం చేశాను. బాగా ఎండింది బకెట్లో వేయగానే బుడగలొచ్చి నిమిషాల్లో విడిపోయింది. పచ్చిగా ఉన్న ఇంకో ముద్ద మాత్రం గంటైనా అలాగే ఉంది. తడిది కదా ముందు కరగాలి? (హన్మకొండ నుంచి)

బుడగలు చూశావు కదా బిడ్డా, కారణం అదే. ఎండిన మట్టిలోని సన్న రంధ్రాలన్నీ గాలితో నిండి ఉంటాయి. నీళ్లు అన్ని వైపుల నుంచీ ఒకేసారి లోపలికి దూసుకొస్తాయి. గాలి బయటికి పోలేక మధ్యలో చిక్కి, ఒత్తిడి పెరిగి మట్టిని లోపలి నుంచే పగలగొడుతుంది. బయటి బంక గబగబా ఉబ్బడం దీనికి తోడవుతుంది. పచ్చి ముద్దలో ఆ రంధ్రాలు ముందే నీళ్లతో నిండి ఉన్నాయి, చిక్కడానికి గాలి లేదు. అందుకే అది పైపైన మెత్తబడుతూ నిదానంగా కరుగుతుంది.

కుండ ఎందుకు కరగదని తర్వాత అడుగుతావు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. 600 డిగ్రీల దాకా కాలిస్తే బంక పొరల నిర్మాణంలోనే భాగమైన నీరు కూడా పోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నానబెట్టినా తిరిగి బంక కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అసలు మట్టే కాదు. నీళ్లు కలిపినప్పుడు జిప్సం స్ఫటికాలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని గట్టిపడతాయి. నీటిలో విడిపోవు. వచ్చే ఏడు విగ్రహం పగలకుండా ఉండాలంటే మట్టిలో కాస్త ఇసుక కలిపి నీడలో ఆరబెట్టు.

ప్రశ్న: కొత్త రంజన్‌లో (నీళ్ల మట్టికుండలో) నీళ్లు చల్లగా ఉండేవి, రెండో ఏడు చల్లబడడం లేదు. (కాజీపేట నుంచి)

మీది బోరు నీళ్లయి ఉండాలి. నీరు కుండ గోడలోంచి బయటికి ఊరి ఆవిరైతేనే రంజన్ చల్లబడుతుంది. ఉన్న నీటిలో నూటికి ఒక వంతు ఆవిరైతే మిగతా నీటి వేడి ఐదారు డిగ్రీలు తగ్గాలి, బయటి వేడి లోపలికి రాకపోతే. బోరు నీళ్లలోని సున్నం ఆ రంధ్రాల్లో పేరుకుని ఊట ఆపేసింది. బయట తెల్లగా కనిపించేది అదే. కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్ది, ఖాళీ చేసి ఎండబెట్టండి. మారకపోతే కొత్తది కొనుక్కోండి. అందానికి రంగు వేసినవి తీసుకోవద్దు.

ప్రశ్న: మా ఊరిలో మిట్ట మీద ఎర్ర నేల, చెరువు కింద నల్లరేగడి. మధ్య దూరం అర కిలోమీటరు లేదు. ఒకే ఊళ్లో రెండు నేలలు ఎలా వచ్చాయి? (జగిత్యాల నుంచి)

ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. రెండిటి కిందా ఉన్నది ఒకే గ్రానైట్ బండ. వేరు చేసింది నీరు.

మిట్ట మీద వాన నీరు దిగి, నిలవకుండా వాలు వైపు పోతుంది. పోతూ పోతూ బండ చివికినప్పుడు విడుదలైన కాల్షియం, మెగ్నీషియం, సోడియం, కొంత సిలికా కడిగి తీసుకుపోతుంది. వేల ఏళ్లు ఇలా కడిగాక అక్కడ మిగిలేది కెయోలినైట్, ఇనుప ఆక్సైడ్. ఎరుపు ఆ ఇనుముదే. కడిగిందంతా పల్లంలో చేరుతుంది. అక్కడ నీరు బయటికి పోదు, ఎండాకాలంలో ఆవిరై ఖనిజాలను అక్కడే చిక్కగా వదిలిపెడుతుంది. సిలికా, మెగ్నీషియం, కాల్షియం అంత దండిగా ఉన్నచోటే మాంట్‌మోరిల్లొనైట్ తయారవుతుంది. మీ రేగడి తవ్వితే తెల్లటి సున్నపు కంకర గడ్డలు కనిపిస్తాయి చూడండి, అది కూడా మిట్ట మీంచి కడుక్కొచ్చిన కాల్షియమే.

నలుపు చూసి సారం ఎక్కువనుకోవడం సరికాదు. మన రేగడుల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతం కూడా ఉండదు. బంకను అంటిపెట్టుకున్న ఆ కొంచెమే అంత నల్లగా కనబడుతుంది. ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ మిట్ట, పల్లం సూత్రం అన్నిచోట్లా కుదరదు. అక్కడ చాలా భాగం దక్కన్ లావా రాయి. ఆ బసాల్ట్‌లోనే కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి కాబట్టి మిట్టల మీదా నల్లనేల కనిపిస్తుంది.

ప్రశ్న: చల్కల బోరు కింద వరి పెడుతున్న. పొద్దున పెట్టిన నీళ్లు మాపటికల్లా ఇంకుతయి. దమ్ము మంచిగ చేస్తే నిలుస్తయంటరు. నిజమేనా? (హుజూరాబాద్ నుంచి)

కొంత నిజం. దమ్ములో, అంటే నీళ్లు పెట్టిన మడిలో ట్రాక్టర్ ఇనుప చక్రం (కేజ్‌వీల్) తిప్పినప్పుడు మట్టి గడ్డలు విరిగి, బంక రేణువులు విడిపోయి, తర్వాత పెద్ద రంధ్రాల మీద కూర్చుని వాటిని మూస్తాయి. బంక ఉన్న నేలలో ఇది బాగా పనిచేస్తుంది. మీ చల్కలో మూయడానికి సరిపడా బంకే లేదు. ఇసుక కలిసిన నేలలో నీరు గంటకు 20, 30 మిల్లీమీటర్లు ఇంకుతుంది. దమ్ముతో ఇది తగ్గుతుంది, కానీ రేగడి పొలంలా కాదు. ఎక్కువసార్లు తిప్పితే అరడుగు కింద ట్రాక్టర్ బరువుకు గట్టి పొర ఏర్పడి నీళ్లు కాస్త ఆగుతాయి. ఆ పొర తర్వాతి పంటకు అడ్డం. మక్క వేర్లు దాని మీదే పక్కకు పాకుతాయి, అక్కడ తడి అయిపోతే చేను పడుకుంటుంది.

నన్నడిగితే ఆ మడిలో మక్కో, పల్లో, కూరగాయలో పెట్టుకోమంటాను. వరే కావాలంటే మడి బాగా చదును చేసి, గట్లకు లోపలి వైపు చెరువు బంకమట్టి మెత్తండి, చల్క మడుల్లో నీళ్లు చాలా వరకు గట్టు పక్కనుంచే పోతాయి. నీళ్లు ఎప్పుడూ నిలిపి ఉంచాల్సిన పని లేదు. చిల్లులు పెట్టిన పైపు ముక్క ఒకటి మడిలో పాతి, అందులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ పెట్టండి. పూత దశలో మాత్రం ఇలా ఆరబెట్టొద్దు. రేగడి మడిలో ఇదే పద్ధతి పాటించేవాళ్లు పైపుతో పాటు నేలను కూడా చూసుకోవాలి. నెర్రెలు వేలు దూరేంత వెడల్పయితే తర్వాత పెట్టిన నీళ్లలో చాలా భాగం వేర్లకు అందకుండా వాటిలోంచి కిందికి పోతాయి. వెంట్రుకవాసి నెర్రె కనబడ్డప్పుడే తడి ఇవ్వాలి.